రివెట్ వంకరపోయిన రాత్రి డ్రిల్లు ముట్టుకోవద్దు: ఇంట్లో కిట్ విమానం కట్టేవాళ్ల కోసం

తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు మా ఇల్లు. ఇంటి వెనక సిమెంటు రేకుల షెడ్డు, అందులో ఒక మూల మా నాయన కాలం నాటి కుట్టుమిషన్, మిగతా చోటంతా విమానం. రెండు సీట్ల అల్యూమినియం కిట్, అంటే ముక్కలుగా డబ్బాల్లో వస్తే మనమే కలుపుకునేది. నేనూ మా బావమరిదీ కడుతున్నాం. మొదటి ఏడాది తోక భాగం కడుతూ ఉండగా ఒక రాత్రి తొమ్మిదిన్నరకు ఒక రివెట్, అంటే రేకులను కలిపి పట్టే లోహపు మేకు, పక్కకు వాలింది. ఒక్కటంటే ఒక్కటే. తీసేద్దామని డ్రిల్లు పెట్టాను. బిట్టు జారి, గుండ్రటి బెజ్జం ఎనిమిది అంకెలా తయారైంది. దాన్ని గుండ్రం చేద్దామని పెద్ద బిట్టు వేశాను. బెజ్జం అంచుకు మరీ దగ్గరైపోయింది. పదిన్నర కొట్టేసరికి రివెట్ పోయింది, రేకు లోపల ఆకారాన్ని నిలబెట్టే రిబ్బు పోయింది, ఆ రిబ్బును ఊడదీసే హడావుడిలో పైరేకు కూడా పాడైంది. కొత్తవి విదేశం నుంచి రావడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో తీరిగ్గా పుస్తకం తిరగేస్తే తెలిసిందేమంటే, ఆ వాలిన రివెట్‌ను అలాగే వదిలేసి ఉన్నా కొలతల ప్రకారం పాసయ్యేదే.

అందుకని తప్పే జరగకుండా ఎలా కట్టాలన్నది ఇక్కడ రాయడం లేదు, అది కిట్‌తో వచ్చే పుస్తకంలో ఉంటుంది. తప్పు జరిగాక ఏ వరసలో కదలాలో రాస్తున్నాను. నేను చెప్పినదానికీ మీ కిట్ పుస్తకానికీ తేడా వస్తే పుస్తకం మాటే వినండి.

ఇంకో మాట, కిట్ ఇంకా కొననివాళ్లకు. ముందు విమానాలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ డీజీసీఏతో మాట్లాడండి. అమెరికాలో సగానికి పైగా పని కట్టేవాడే చేయాలన్న నియమం ఉంది, కిట్లు దాన్ని మనసులో పెట్టుకునే తయారవుతాయి. ఆ నియమం చూపిస్తే మన దగ్గర పని జరగదు. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ అపార్ట్‌మెంట్ మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టారు. దానికి మన దేశపు విమానాలకు ఇచ్చే వీటీ అక్షరాలతో రిజిస్ట్రేషన్ దొరికింది 2017లో. ఎగరడానికి అనుమతి రావడానికి ఇంకా సమయం పట్టింది. రివెట్లు కొట్టడంకంటే కాగితాలకే ఎక్కువ ఓపిక కావాలి.

ముందు చేతిలోది కింద పెట్టండి

తప్పు కనబడిన క్షణంలో మన చెయ్యి ఆగదు. సరిచేసేద్దాం అని వెళ్లిపోతుంది. ఆ చెయ్యిని ఆపడమే మొదటి పని. రివెట్ కొట్టే గాలి గన్ను కింద పెట్టండి, కంప్రెసర్ ఆపేయండి. తప్పు జరిగిన చోట ఎర్ర టేపు ముక్క అంటించి తేదీ రాయండి. పక్కన స్టీలు స్కేలు పెట్టి ఫోనులో నాలుగు ఫోటోలు తీయండి, ఒకటి దూరం నుంచి, మిగతావి దగ్గర నుంచి. షెడ్డు తలుపేసి ఇంట్లోకి పోయి అన్నం తినండి.

మా షెడ్డులో ఇప్పుడొక కట్టుబాటు ఉంది. ఏ తప్పునూ అదే రోజు సరిచేయం. మా బావమరిది మొదట్లో నవ్వాడు, ఇప్పుడు నాకంటే వాడే గట్టిగా పాటిస్తాడు. మర్నాడు పొద్దున్న వెలుతురులో చూస్తే సగం తప్పులు తప్పులే కావని తేలుతుంది.

ఇది ఏ రకం సమస్య?

పొద్దున్న కాఫీ తాగాక ఒక ప్రశ్న వేసుకోండి. ఇది చూడ్డానికి బాగోలేదా, బలం తగ్గించిందా, లేక నాకు తెలియడం లేదా? మూడోది అయితే సిగ్గుపడకుండా కిట్ కంపెనీకి రాయాలి. ఎలా రాయాలో కింద చెబుతాను.

చూడ్డానికి బాగోలేని వాటిలో పెద్దది సొట్ట. మా చుక్కాని రేకు మీద బకింగ్ బార్, అంటే రివెట్ వెనక ఆనించే ఇనుప దిమ్మ, జారి చిన్న సొట్ట పడింది. వీధి చివర కారు టింకరింగ్ చేసే అబ్బాయిని పిలిచి చూపిస్తే, "ఏముందిన్నా, కొంచెం పుట్టీ పెడితే అద్దంలా ఉంటాది" అన్నాడు. కారుకైతే సరే. విమానంలో కదిలే భాగాలకు, అంటే చుక్కాని, ఎలివేటరు (తోక మీద ఉండి ముక్కును పైకీ కిందికీ తిప్పేది), ఐలరాన్‌లకు (రెక్క వెనక అంచున ఉండి విమానాన్ని పక్కకు వాల్చేవి), కీలు వెనక భాగంలో బరువు పెరిగితే తూకం మారిపోతుంది. తూకం తప్పిన భాగం వేగం పెరిగినప్పుడు గాలిలో జెండాలా కొట్టుకుంటుంది. దాన్నే ఫ్లట్టర్ అంటారు. అది మొదలైతే సెకన్లలో భాగం ఊడిపోవచ్చు. పుట్టీ పెట్టినా, రంగు మందంగా వేసినా మళ్లీ తూకం చూసుకోవాల్సిందే. మేం పుట్టీ పెట్టలేదు, సొట్ట అలాగే ఉంది. కానీ రేకు మీద నునుపుగా తట్టడంలో ఆ అబ్బాయి చెయ్యి అద్భుతం. ఇప్పుడు ఆదివారాలు బకింగ్ బార్ పట్టేది అతనే.

రివెట్లు

సమస్యల్లో ముప్పాతిక వంతు ఇక్కడే. కిట్‌లో రెండు రకాలుంటాయి. ఒక వైపు నుంచే లాగి బిగించే పుల్ రివెట్లు, ఒక వైపు గన్నుతో కొడుతూ రెండో వైపు ఇనుప దిమ్మ ఆనించి నలగ్గొట్టే గట్టి రివెట్లు. మొదటివాటితో పెద్దగా గొడవ ఉండదు. అయిపోయాయని చెప్పి బోర్డులు చేసే షాపులోని పాప్ రివెట్లు మాత్రం తెచ్చి వేయకండి, చూడ్డానికి ఒకేలా ఉన్నా లోహం వేరు, బలం వేరు.

గట్టి రివెట్ కొట్టాక వెనక ఏర్పడిన తలను కొలవండి. వెడల్పు కాడ మందానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఎత్తు ఆ వెడల్పులో సగం అనుకుంటే పొరపాటు. ఎత్తు కాడ మందంలో సగం, వెడల్పులో సగం కాదు. నేను రెండు రోజులు ఇలాగే తప్పుగా కొలిచాను. 3/32 అంగుళం రివెట్‌కు వెడల్పు సుమారు 3.6 మిల్లీమీటర్లు, ఎత్తు 1.2. అదే 1/8 అంగుళం అయితే 4.8, 1.6. ప్రతిదాన్నీ వెర్నియర్‌తో కొలుస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది. రేకు ముక్కలో ఆ వెడల్పు బెజ్జం వేసుకుని తల మీద పెట్టి చూస్తే ఒక చూపులో తేలిపోతుంది.

తల ఎత్తుగా మిగిలిపోతే మంచిదే, ఇంకో నాలుగు దెబ్బలు కొడితే దిగుతుంది. అప్పడంలా పల్చబడిపోతే, అంచున పగుళ్లు కనబడితే తీయాల్సిందే. పక్కకు వాలితే కంగారు పడకండి. తల బెజ్జాన్ని పూర్తిగా కప్పి, చుట్టూ రేకుకు ఆనుకుని ఉందా చూడండి. ఉంటే, కిట్ పుస్తకం కూడా ఒప్పుకుంటే, వదిలేయండి. వదిలేసేముందు తల కింద సందు ఉందేమో పల్చటి ఫీలర్ గేజి దూర్చి చూడండి. దూరిందంటే రేకులు రెండూ సరిగ్గా కరవలేదని. ఇక గన్ను జారి రివెట్ తల మీద నెలవంకలా పడే గాటు, అది పైపైనే ఉంటే నునుపు చేసి ఊరుకోవచ్చు.

ఒకే రకం తప్పు వరసగా మూడుసార్లు వస్తే రివెట్‌ను తిట్టడం మాని వెనక్కి వెళ్లండి. వాలడం అంటే దిమ్మ వంకరగా పట్టారు, లేదా రివెట్ పొడవెక్కువైంది. పొడవు లెక్క సులభం. కలిపే రేకుల మొత్తం మందానికి కాడ మందం ఒకటిన్నర రెట్లు కలపండి. నలిగిపోవడమో, దిగకపోవడమో అయితే గాలి చూడండి. సన్న రివెట్లకు 35–40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), లావు వాటికి కాస్త ఎక్కువ. ఎండాకాలం సాయంత్రం ఏడింటికి వీధిలో ఏసీలన్నీ మొదలయ్యాక మా వోల్టేజి పడిపోతుంది, కంప్రెసర్ మూలుగుతుంది, నాలుగు రివెట్లు బాగా దిగి ఐదోది ఆగిపోతుంది. చాలా రోజులు ఆ తప్పు నా చేతిదనుకున్నాను. ఇప్పుడు రివెట్ పని పొద్దున్నే. పక్కింటి అవ్వ మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఎలాగూ కొట్టలేం.

తీయక తప్పదనుకున్నప్పుడు ఇలా తీయండి. విమానాల్లో ఎక్కువగా వాడే ఏడీ రకం రివెట్ తల నడుమ చిన్న గుంట ఉంటుంది. ఏ మిశ్రమలోహమో చెప్పే గుర్తు అది, డ్రిల్లుకు దారి చూపేదీ అదే. పంచ్‌తో దాన్ని కొంచెం లోతు చేయండి. రివెట్‌కంటే ఒక సైజు చిన్న బిట్టు తీసుకుని, చేత్తోనే రెండు చుట్లు తిప్పి కుదురుకున్నాక డ్రిల్లు నడపండి. తల మందం వరకే వెళ్లి ఆగాలి. బెజ్జంలో పిన్ పంచ్ దూర్చి పక్కకు వంచితే తల టప్పున ఊడుతుంది. వెనక వైపు రేకుకు చెక్క ముక్క ఆనించి, కాడను పంచ్‌తో మెల్లగా తట్టి దింపండి. రాకపోతే కాడ మధ్యలోంచి ఇంకా సన్న బిట్టు పోనిచ్చి మళ్లీ తట్టండి. రాని కాడను సుత్తితో బాదితే రేకు బయటికి ఉబ్బుతుంది, అది మళ్లీ మామూలు కాదు.

ఇదంతా విమానం మీద మొదటిసారి చేయకండి. పనికిరాని రేకు మీద ఇరవై రివెట్లు కొట్టి, ఆ ఇరవైనీ తీయండి. కొట్టడం అందరూ ప్రాక్టీసు చేస్తారు, తీయడం ఎవరూ చేయరు.

బెజ్జం పెద్దదైతే

కిట్ పుస్తకాల్లో బిట్లకు నంబర్లుంటాయి. 1/8 రివెట్‌కు 30 నంబరు, అంటే 3.26 మిల్లీమీటర్లు. 3/32 రివెట్‌కు 40 నంబరు, 2.49 మిల్లీమీటర్లు. మన హార్డ్‌వేర్ షాపులో అడిగితే మిల్లీమీటర్ల బిట్లే ఇస్తారు. 40 నంబరుకు బదులు 2.5 వాడితే తేడా వెంట్రుకంత, పర్వాలేదు. 30 నంబరుకు బదులు 3.2 కాస్త బిగువు. బిగువుగా ఉందని 3.5 తెచ్చారో, రివెట్ కాడ బెజ్జాన్ని నింపలేక లోపలే వంగిపోతుంది, పైకి మాత్రం బాగానే కనబడుతుంది. నంబరు బిట్లు డజన్ల లెక్కన ముందే తెప్పించుకోండి. మొద్దుబారిన బిట్టే బెజ్జాన్ని మూడు మూలలుగా చేస్తుంది.

బెజ్జం పెద్దదైతే తర్వాతి సైజు రివెట్ వేయొచ్చు. వేసేముందు అంచు దూరం కొలవండి. బెజ్జం నడుమ నుంచి రేకు అంచుకు కనీసం రివెట్ మందానికి రెండింతలు ఉండాలి. 1/8కి 6.4 మిల్లీమీటర్లు చాలు. 5/32కి 7.9 కావాలి. ఆ రాత్రి నా రిబ్బుకు ఉన్నది 7. చిన్నదానికి సరిపోయింది, పెద్దదానికి చాలలేదు. స్కేలు జేబులోనే ఉంది, బయటికి తీయలేదు.

రేకుతో సమంగా కూర్చునే నునుపు తల ఉండే 3/32 రివెట్‌ల దగ్గర ఇంకో ఉపాయం ఉంది. ఎన్‌ఏఎస్ 1097 అనే రకంలో కాడ 1/8 ఉన్నా తల చిన్నది, 3/32 రివెట్ తలంత. కాబట్టి రేకులో పల్లం పెద్దది చేయనక్కర్లేదు. కట్టేవాళ్లు వీటిని ఊప్స్ రివెట్లు అంటారు. ఒక వంద దగ్గర ఉంచుకోండి. అదీ కుదరకపోతే, బెజ్జం అంచు దాకా పోతే, ఇక మీ చేతిలో లేదు. అతుకు రేకు వేయాలా, భాగం మార్చాలా అన్నది డిజైన్ చేసినవాళ్లే చెప్పాలి.

బెజ్జాలు ఒకదానికొకటి కలవకపోతే

ఈ రోజుల్లో కిట్లలో బెజ్జాలు మిషన్‌తో వేసే వస్తాయి. రేకునూ రిబ్బునూ ఒకదాని మీద ఒకటి పెడితే కలవాలి. కలవలేదంటే డ్రిల్లు పెట్టి కలిపేయాలనిపిస్తుంది. వద్దు, వరసగా చూసుకోండి.

భాగం నంబరు చూడండి, తర్వాత ఎడమ కుడి చూడండి. పైలట్ సీట్లో కూర్చుని ముందుకు చూస్తే ఏది ఎడమో అదే ఎడమ. రెండూ ఎడమ ఎలివేటర్లే కట్టేసిన మహానుభావులు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. డబ్బా విప్పిన రోజే ప్రతి ముక్క మీద మార్కరుతో రాసేయండి. పెన్సిల్ వాడకండి. దాని గ్రాఫైట్ తేమ తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది.

తర్వాత రిబ్బును బల్ల మీద పెట్టి చూడండి. అచ్చులో నొక్కి చేసిన రిబ్బు తరచూ అరటికాయలా వంగి వస్తుంది. అది లోపం కాదు. బెజ్జాల మధ్య ఫ్లూటింగ్ ప్లయర్‌తో చిన్న చిన్న మడతలు వేస్తే తిన్నగా అవుతుంది. అంచు తొంభై డిగ్రీల్లో ఉందో లేదో మూలమట్టం పెట్టి చూడండి.

అదీ బాగుంటే ఎండ చూడండి. ఇది ఏ విదేశీ పుస్తకంలోనూ మన తిరుపతి లెక్కలో రాసి ఉండదు. మూడు మీటర్ల అల్యూమినియం రేకు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1.4 మిల్లీమీటర్లు సాగుతుంది. నీడలో ఉన్న ఎముకల గూడూ, తలుపు దగ్గర ఎండలో ఆనించిన రేకూ కలవమంటే ఎలా కలుస్తాయి? గంగజాతర రోజుల్లో, అంటే మే నెల నడిమధ్యలో, మేం ఒక రెక్క రేకు మీద రెండు గంటలు కుస్తీ పట్టాం. విసుగొచ్చి వదిలేసి జాతర చూడ్డానికి పోయాం. మర్నాడు పొద్దున్న ఆరింటికి అదే రేకు అదే గూటి మీద చక్కగా కూర్చుంది. రాత్రంతా రెండూ ఒకే చోట, ఒకే చల్లదనంలో ఉన్నాయి, అంతే.

క్లెకోలు, అంటే తాత్కాలికంగా బిగించే స్ప్రింగు పిన్నులు, నడుమ నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ అంచులకు పోతూ పెట్టండి. ఒక చివర నుంచి మొదలుపెడితే తేడా అంతా రెండో చివర పోగుపడుతుంది. ఇవన్నీ చేసినా బెజ్జం సగానికి సగం తప్పితే మాత్రం ఆపేసి కంపెనీకి రాయండి.

మెలిక గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రెక్క గానీ ఎలివేటరు గానీ మెలిపడి రివెట్ అయిందంటే మళ్లీ తిన్నగా చేయలేం. క్లెకోల మీద ఉన్నప్పుడే చూడాలి. దీనికి లేజరేమీ అక్కర్లేదు, తాపీమేస్త్రీ సంచి చాలు. నీళ్ల పైపుతో బల్ల నాలుగు మూలలూ ఒకే మట్టంలో ఉన్నాయో చూడండి. రెక్క రెండు చివరల నుంచి తూకపు గుండ్లు వేలాడదీసి, ఒక దారం వెనక రెండో దారం దాక్కునేలా వరస చూడండి. మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టండి, సమానంగా రావాలి. మా ఇంటికి ప్రహరీ కట్టిన మేస్త్రీ ఒక గంటలో మా బల్ల మట్టం చూసి, "ఈ కాలు రెండు నూలు ఎత్తుంది సామీ" అన్నాడు. నిజమే.

ట్యాంకు సీలెంటు

పెట్రోలు ట్యాంకు రేకుల మధ్య వేసే సీలెంటు రెండు భాగాలుగా వస్తుంది, కలిపాక గడ్డకడుతుంది. డబ్బా మీద రాసిన రెండు గంటల గడువు 25 డిగ్రీల దగ్గర లెక్క. మన షెడ్డులో 38 ఉంటే ఆ మాట మర్చిపోండి. వేడికి తోడు గాలిలో తేమ ఉంటే ఇంకా త్వరగా బిగుస్తుంది. ఫైబర్ పనికి వాడే ఎపాక్సీ కూడా అంతే. స్థూలంగా పది డిగ్రీలు పెరిగితే పని చేసే సమయం సగమవుతుంది. పైగా డబ్బాలో ముద్దగా ఉంచితే తన వేడికి తనే పొగలు కక్కుతుంది, వెడల్పు పళ్లెంలో పల్చగా పోయాలి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చేయండి. కొద్ది కొద్దిగా కలపండి. నిష్పత్తి బరువులో తూచండి, నగల షాపుల్లో వాడే చిన్న డిజిటల్ త్రాసు సరిపోతుంది. వంటింటి త్రాసు తెస్తే మళ్లీ వంటింట్లోకి రానివ్వరు. ఆ వాసన అలాంటిది.

లీకు పరీక్షకు కంప్రెసర్ గాలి నేరుగా పెట్టొద్దు, ట్యాంకు ఉబ్బిపోతుంది. ఒక పీఎస్ఐ చాలు. పారదర్శక గొట్టంలో నీళ్లు పోసి యూ ఆకారంలో గోడకు కట్టండి. రెండు వైపుల నీళ్ల మధ్య 70 సెంటీమీటర్ల తేడా వస్తే అది ఒక పీఎస్ఐ. అతుకుల మీద సబ్బునీళ్లు పూసి బుడగలు చూడండి. పొద్దున్న పెట్టి మధ్యాహ్నం చూసి ఒత్తిడి పెరిగిందని సంబరపడకండి, తగ్గిందని ఏడవకండి, లోపలి గాలి వేడికి మారుతుంది. అదే వేళకు మర్నాడు చూడండి. లీకు కనబడితే బయటి నుంచి పూత పూస్తే ఆగదు. పాత సీలెంటు గీకి, శుభ్రం చేసి, లోపలి వైపు నుంచే వేయాలి.

బోల్టులు, కానొపీ

విమానం బోల్టు బదులు బజారు బోల్టు వేయొద్దు, ఎంత మెరిసినా సరే. ఏఎన్3 అనే సైజు విమానం బోల్టు నట్టుకు బిగింపు 20 నుంచి 25 అంగుళం-పౌండ్లు, అంటే 2.3 నుంచి 2.8 న్యూటన్ మీటర్లు. ఏఎన్4కి 50 నుంచి 70, అంటే 5.6 నుంచి 7.9. కారు మెకానిక్ దగ్గరి టార్క్ రెంచ్ ఇంత తక్కువ కొలవలేదు, చిన్నది కొనాల్సిందే. అంగుళం-పౌండ్లు అనుకుని అడుగు-పౌండ్లలో బిగిస్తే పన్నెండు రెట్లు, బోల్టు తెగుతుంది. నైలాన్ నట్టు తనంతట తిరిగేటప్పుడే కొంత బిగువుంటుంది, ఆ బిగువు కొలిచి పై అంకెకు కలపాలి. బిగించాక నట్టు బయటికి కనీసం ఒక మర కనబడాలి. తిరిగే కీళ్ల దగ్గర నైలాన్ నట్టు వద్దు, పిన్ను వేసే కాజిల్ నట్టే.

కానొపీ, అంటే సీట్ల మీద మూతలా ఉండే పారదర్శక కప్పు, దాని అద్దం యాక్రిలిక్. అది చల్లగా ఉన్నప్పుడు కోస్తే పగులుతుంది. ఈ ఒక్క పనికి మాత్రం మన ఎండాకాలం వరం. మామూలు బిట్టుతో బెజ్జం వేయకండి, యాక్రిలిక్‌కు వేరే బిట్టుంది. పగులు మొదలైతే దాని కొసన చిన్న గుండ్రటి బెజ్జం వేస్తే ముందుకు పోకుండా ఆగుతుంది. పెట్రోలు, థిన్నరు, అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవం ఏదీ తగలనివ్వకండి.

బంకు పెట్రోలు

ఇంజను దాకా వచ్చాక తెలిసే సమస్య ఇది, కానీ గొట్టాలు, సీలెంటు ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి. మన బంకుల్లో మామూలు పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ 20 శాతం దాకా ఉంటుంది. చిన్న కిట్ విమానాల్లో ఎక్కువగా కనబడే రోటాక్స్ 912 ఇంజనుకు తయారీదారు ఒప్పుకునేది 10 శాతం వరకే. ఇథనాల్ కొన్ని రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది, కొన్ని ఎపాక్సీలను మెత్తబరుస్తుంది, తేమను లాక్కుంటుంది.

పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు, అయితే ఆరుబయట, నిప్పుకు దూరంగా. గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, వాటి మీద 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూత పెట్టి ఊపి, పది నిమిషాలు వదిలేయండి. కింది పొర 10 దగ్గరే ఆగితే ఇథనాల్ లేదు. ఎంత పెరిగిందో అది దాదాపు ఇథనాలే. ఏవ్‌గ్యాస్, అంటే విమానాల పెట్రోలు, ఎక్కడి నుంచి తెచ్చుకుంటారో, ఎలా నిలవ చేస్తారో కిట్ ఆర్డరు ఇచ్చే ముందే లెక్క వేసుకోండి.

వాన, ఎలుక, కందిరీగ, ఆయుధపూజ

రేకుల మీద నీలం ప్లాస్టిక్ పొర వస్తుంది. గీతలు పడకుండా ఉంటుందని ఏళ్ల తరబడి ఉంచేస్తారు. మన వేడికి జిగురు మాడి అంటుకుపోతుంది, దాని కింద తేమ చేరి తుప్పు పాకుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు, ఆ లోపే తీసేయండి. ఆ నెలల్లో కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరతాయి, రోజూ వదలాలి. లేకపోతే గన్ను తుప్పు పడుతుంది, ప్రైమర్ మీద చేపకళ్లలా మచ్చలు వస్తాయి. భాగాలేవీ నేల మీద ఉంచొద్దు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా పారాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మా అరలన్నీ ఇప్పుడు మోకాలి ఎత్తు నుంచి మొదలవుతాయి.

అల్యూమినియం మీద స్టీలు పీచు రుద్దొద్దు, ఇనుప రజను అందులో ఇరుక్కుని తుప్పు మొదలవుతుంది. ఇంకోటి, ఆయుధపూజ రోజు మా అమ్మ రెక్క మీద పసుపు కుంకుమ తడిపి బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి పెట్టింది. నిమ్మరసం ఆమ్లం, తడి కుంకుమ తేమను పట్టి ఉంచుతుంది. రెండు రోజుల తర్వాత తుడిస్తే మచ్చలు మిగిలాయి. అమ్మతో వాదించలేం. ఇప్పుడు బొట్లు చెక్కపెట్టెకు, బల్లకు పెడుతుంది. నిమ్మకాయ చక్రాల కిందికి పోయింది.

వైర్లు లాగాక ఎలుకలు మొదలవుతాయి, కొసలన్నీ మూసి ఉంచండి. వేగం చూపే పిటాట్ గొట్టంలో మట్టితో గూడు కట్టే కందిరీగ ఒక్క మధ్యాహ్నంలో పని ముగిస్తుంది. ట్యాంకు గాలి గొట్టమూ దానికి ఇష్టమే. బిగించిన రోజే తొడుగు వేసి ఎర్ర పేలిక కట్టండి.

కంపెనీకి ఎలా రాయాలి

"రివెట్ పాడైంది, ఏం చేయాలి?" అని రాస్తే వాళ్లూ మనలాగే తల గోక్కుంటారు. కిట్ నంబరు, డ్రాయింగ్ పేజీ, భాగం నంబరు, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో, బెజ్జం కొలత, అంచు దూరం, ఇప్పటిదాకా మీరేం చేశారు, ఏం చేద్దామనుకుంటున్నారు, ఇవన్నీ ఒకే ఉత్తరంలో ఉండాలి. చేసిన తప్పును దాచకండి. నేను మొదటి ఉత్తరంలో పెద్ద బిట్టు వేసిన సంగతి రాయలేదు, వాళ్లు దానికి తగ్గ జవాబే ఇచ్చారు, అది నాకు పనికి రాలేదు. అమెరికా కంపెనీ అయితే సాయంత్రం ఏడులోపు పంపండి, మర్నాడు కాఫీ వేళకు జవాబు ఉండొచ్చు. వాళ్ల జవాబు ప్రింటు తీసి మీ పని పుస్తకంలో తేదీతో అతికించండి. పరిశీలనకు వచ్చే అధికారి అడిగేది అదే.

జవాబు వచ్చాక కూడా నేరుగా విమానం మీదికి పోకండి. అదే మందం రేకు ముక్కల మీద అదే మరమ్మతు ఒకసారి చేసి, కోసి చూసి, అప్పుడు అసలుదాని మీద చేయండి.

రెక్క మూసే ముందు

చివరి రేకు వేశాక లోపలికి చూపు పోదు. అందుకే ముందురోజు రాత్రి దీపాలార్పి, రెక్క లోపల టార్చి పెట్టి, పొడవు కాడ ఉన్న అద్దంతో ప్రతి వరసా చూడండి. మీరు కాకుండా ఇంకొకరు చూడాలి. మనం కొట్టిన రివెట్లు మన కంటికి అన్నీ బాగానే కనబడతాయి. ఎర్ర టేపు ముక్కలు లెక్కపెట్టండి, పని పుస్తకంలో ఉన్నన్ని ఉండాలి, ప్రతిదాని పక్కనా జవాబు రాసి ఉండాలి. పనిముట్లు లెక్కపెట్టండి. బకింగ్ బార్ రెక్కలోనే మర్చిపోయినవాళ్లున్నారు.

ఆఖరున నలుగురు పట్టుకుని రెక్కను మెల్లగా నిలబెట్టి, అటూ ఇటూ వంచి, చెవి ఆనించి వినండి. మా ఎడమ రెక్క గలగలమంది. మళ్లీ పడుకోబెట్టి క్లెకోలు తీసి వెతికితే రెండు రివెట్ కాడలు, ఒక వాషరు, ఒక చింతగింజ దొరికాయి. చింతగింజ మా బావమరిది కూతురిది. ఇంకో మూడు ఎక్కడున్నాయో అడిగి కనుక్కున్నాకే మూశాం.